రెండో బ్రేకు

మా డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో ఒక మాట రాసి ఉంటుంది: ఇరవై రెండేళ్లలో ఒక్క ప్రమాదమూ లేదు. అబద్ధం కాదు. ప్రమాదం జరగాలంటే మా ఆయన బండి నడపాలి కదా. ఆయన నడపరు, పక్క సీట్లో కూర్చుంటారు. ఆ సీటు ముందు, నేర్పేవాళ్ల కోసం ప్రత్యేకంగా బిగించిన రెండో బ్రేకు ఉంటుంది. స్టీరింగు దగ్గరున్నవాళ్లు తప్పు చేస్తే ఆయన దాన్ని తొక్కి బండి ఆపుతారు. చేయకపోయినా తొక్కుతారు. చేస్తారేమోనని కూడా తొక్కుతారు. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా సరే, తెరమీద ఏదో ఒక కారు మలుపు తిరిగితే చాలు, ఆయన కుడికాలు నేలని నొక్కేస్తుంది. సోఫా ముందు పరిచిన తివాచీకి సరిగ్గా అక్కడే చిల్లు పడింది.

అందరూ ఆయన్ని మాస్టారూ అంటారు. నేనూ అలాగే అంటాను, కాకపోతే నేననేటప్పుడు గొంతు కాస్త వేరేగా ఉంటుంది.

స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. మేం అద్దెకుండే మేడ కింద ఒక గది, ఒక బల్ల, ఒక ఫోను, గోడకి రోడ్డు గుర్తుల పటం, బయట నెత్తిన బోర్డు మోసుకుంటూ నిలబడ్డ ఒక చిన్న కారు. ఫోను దగ్గర కూర్చునేది నేను. రోజుకి ఒకటి రెండుసార్లయినా ఏదో ఒక ఆడగొంతు అడుగుతుంది.

"నేర్పేది ఆడవాళ్లేనా అండీ?"

"కాదండీ, మాస్టారు నేర్పుతారు."

"అయితే మళ్లీ చేస్తానండీ."

మళ్లీ చేసినవాళ్లని నేనింతవరకూ చూడలేదు. అలాంటి ఫోనొచ్చినప్పుడల్లా గోడమీది క్యాలెండర్లో ఆ తేదీ పక్కన ఎర్ర చుక్క పెట్టేదాన్ని. ఏడాది తిరిగేసరికి క్యాలెండరుకి తట్టు పోసినట్టయింది.

నా ఆలోచన చాలా సులువైనది. రెండో కారు కొనాలి. నేను లైసెన్సు తీసుకోవాలి, ఆ తర్వాత నేర్పేవాళ్ల పరీక్ష రాయాలి, ఆ చుక్కలన్నిటికీ నేను నేర్పాలి. ఆ కారు కోసం ఆరేళ్లు కూడబెట్టాం. అడ్డం ఒక్కటే, నాకు డ్రైవింగు రాదు. నేర్పే మనిషి ఇంట్లోనే ఉన్నారు కనక రాదు. పరాయివాళ్ల దగ్గర అయిదు నిమిషాలకోసారి రెండో బ్రేకు తొక్కే మాస్టారు నా దగ్గర నిమిషానికోసారి తొక్కుతారు. నా కాలు బ్రేకు దాకా వెళ్లేలోపే బండి ఆగిపోయి ఉంటుంది. "చూశావా, నేను లేకపోతే ఏమయ్యేది?" అంటారు పైగా. మూడుసార్లు లెర్నర్ లైసెన్సు తీసుకున్నాను, మూడుసార్లూ గడువు తీరిపోయింది. ఒక్కసారైనా నా కాలితో నేను బండి ఆపిన పాపాన పోలేదు. నాలుగోసారి తీసుకుని డబ్బు చేతికొచ్చే రోజు కోసం చూస్తున్నాను.

అలాంటి సమయంలో ఒక ఆదివారం పొద్దున మాస్టారు కిందినుంచి కేకేశారు.

"ఏమేవ్! రెండో కారు తెచ్చాను, దిగిరా!"

చేతిలో ఉన్న గిన్నె అలాగే పట్టుకుని పరిగెత్తాను. వీధిలో ముదురెరుపు రంగు కారు నిలబడి ఉంది. తలుపులు రెండే. వెనక సీట్లో ఒక పిల్లి పడుకోవచ్చు, అదీ ముడుచుకుని. పైకప్పు గుడ్డది. మీట నొక్కితే అది తనంతట తానే లేచి, మడతలు పడి, వెనక డిక్కీలోకి వెళ్లి పడుకుంటుంది. పద్నాలుగేళ్ల బండి. కొత్తలో దాని ధరకి ఇల్లొచ్చేదట. ఇప్పుడు మా ఆరేళ్లకి వచ్చింది.

"ఇదేనా అండీ స్కూలుకి కొన్న కారు?" అన్నాను.

"స్కూలుకి తర్వాత చూద్దాంలేవే." కాసేపు ఆ స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. "ఇరవై రెండేళ్లు పక్క సీట్లో కూర్చున్నాను. ఒక్కసారి ఇటు కూర్చుని, మొహానికి గాలి తగులుతుంటే నడపాలనిపించింది. తప్పా?"

ఆయన ఆ మాటన్న తీరుకి నాకు జాలేసింది. తప్పు కాదన్నాను. జీవితంలో నేను చేసిన తప్పులన్నీ ఒకెత్తు, ఆ జాలి ఒకెత్తు.

అమ్మిన దళారి చెప్పాడట, "ఒక్క డాక్టరుగారి చేతిమీదే ఉందండీ, అదీ ఆదివారాలే నడిపారు" అని. మిగతా ఆరు రోజులూ ఎందుకు నడపలేదని అడగాలని మాస్టారికి తోచలేదు.

మా అత్తగారు గుమ్మంలో నిలబడి కప్పు వెనక్కి పోవడం చూశారు.

"ఇదేవిట్రా, కప్పు ఊడొస్తోంది?"

"ఊడటం కాదమ్మా, తెరుచుకుంటుంది. అందుకే దీనికంత ఖరీదు."

"అంటే కప్పున్న బండికి తక్కువా, లేనిదానికి ఎక్కువా? నీకు బేరమాడటం ఎవరు నేర్పారురా నాయనా" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ కారు గురించి తర్వాత చాలామంది చాలా చెప్పారు కానీ, అంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు.

రెండు ఆదివారాలు బాగానే గడిచాయి. మూడో ఆదివారం నలుగురూ తిరిగే కూడలిలో, ఎర్ర సిగ్నలు దగ్గర, మాస్టారికి కప్పు తెరవాలనిపించింది. చుట్టూ జనం ఉంటేనే ఆయనకి అలా అనిపించేది. మీట నొక్కారు. కప్పు సగం లేచి ఆగింది. వెనక్కీ పోదు, ముందుకీ రాదు. పచ్చ సిగ్నలు పడింది, వెనకనుంచి హారన్లు. నెత్తిమీద నిట్టనిలువుగా గుడ్డ నిలబెట్టుకుని, సైకిళ్లు మమ్మల్ని దాటిపోతుంటే, ఇంటికి చేరాం. అనుకున్నట్టే మొహానికి గాలి బాగా తగిలింది.

ఇలాంటి బండ్లని మామూలు మెకానిక్కులు ముట్టుకోరు. ఊరి చివర రేకుల షెడ్డులో ఒకాయన ఉన్నాడు, అందరూ ఆయన్ని స్పెషలిస్టంటారు. ఏది చూసినా వెంటనే నోరు విప్పడు. నాలుకతో చప్పరించినట్టు "చ్చొ" అంటాడు. ఎన్ని చ్చొలైతే అంత బిల్లు. కప్పు విప్పి చూసి మూడుసార్లన్నాడు.

"ఈ కప్పుని లేపేది నూనె ఒత్తిడి మాస్టారూ. ఆ గొట్టం చిట్లి నూనె సీటు కిందికి కారింది. సీటు కింద కంప్యూటరు డబ్బా ఉంటుంది. అది పోయింది."

"సీటు కింద కంప్యూటరెందుకయ్యా?"

"చేసినవాళ్లనడగాలి. మనం మార్చడమే."

ఆ డబ్బా ఓడలో రావాలన్నాడు. ఓడలో దానికి మంచి గదే ఇచ్చి ఉంటారు, అంత కిరాయి పడింది. డబ్బా వచ్చింది, కప్పు కదిలింది. వారం తిరగకుండా ముందు చక్రం పైనుండే గాలితిత్తి చిల్లుపడి, రోజూ తెల్లారేసరికి కారు ఒక పక్కకి మోకరిల్లేది. మాకు క్షమాపణ చెబుతోందేమో అనుకున్నాను. ఆ తర్వాత తలుపు అద్దం కిందికి దిగి పైకి రానంది. వాననీళ్లు పోవడానికి కప్పు అంచుల్లో ఉండే సన్నటి దారులు చెత్తతో మూసుకుపోయి, నీళ్లు లోపలికొచ్చి కాళ్లకింద గుంట కట్టాయి. కొత్త కంప్యూటరు డబ్బాకి ఈత రాదని అప్పుడు తెలిసింది. ముందు టైర్లది ఒక సైజు, వెనక టైర్లది ఇంకొకటి, కాబట్టి వాటిని అటూ ఇటూ మార్చి వాడుకునే పేదబుద్ధులు దాని దగ్గర పనికిరావు. తాగేది కూడా బంకులో అన్నిటికంటే ఖరీదైన పెట్రోలే. కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు. అల్లుడైతే కనీసం తన కాళ్లమీద తను నడిచొస్తాడు.

ఇది నడిచిరాదు కదా, అసలు కథ అక్కడ మొదలైంది. ఎక్కడ ఆగితే అక్కడినుంచి షెడ్డుకి చేర్చాలి. లారీ మీద ఎక్కించి తీసుకెళ్లేవాడు మొదటిసారి అడిగిన కిరాయి వినగానే మాస్టారు బజారుకెళ్లి రెండు చివర్లా కొక్కేలున్న గట్టి తాడు కొనుక్కొచ్చారు. ముందు మా చిన్న కారు, అందులో ఆయన. వెనక తాడు కట్టిన ఎర్రకారు, అందులో నేను.

"నాకు పూర్తి లైసెన్సు లేదు కదండీ" అన్నాను.

"ఇంజనే నడవనప్పుడు దాన్ని నడపడమంటారా ఏమిటి? ఊరికే స్టీరింగు పట్టుకుని కూర్చో" అన్నారు. ట్రాఫిక్ నియమాలు వందలమందికి బట్టీ పట్టించిన మనిషి.

ఊరికే పట్టుకుని కూర్చుంటే తెలిసింది. ఇంజను ఆగిన పెద్ద కారు స్టీరింగు తిప్పడమంటే పొత్రంతో పప్పు రుబ్బడమే. బ్రేకు రెండుసార్లు మెత్తగా దిగుతుంది, మూడోసారికి రాయైపోతుంది, రెండు కాళ్లూ పెట్టి నిలబడాలి. పైగా తాడు ఎప్పుడూ బిగువుగా ఉండాలి. వదులైతే ముందు బండిని గుద్దుతాను, ఉన్నట్టుండి లాగితే కొక్కెం ఊడుతుంది. కాబట్టి ఆగాల్సినచోట ముందు ఆగాల్సింది వెనక బండి. ముందున్న ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టేవారు. అరచెయ్యి ఊపితే నెమ్మది, పిడికిలి బిగిస్తే ఆపు. ఆ పిడికిలి చూసి నేను తొక్కితే నా బండి ఆగేది, తాడు బిగిసి దానితో పాటు ఆయన బండీ ఆగేది.

మొదటిసారి ఒళ్లంతా చెమటలు పట్టాయి. మూడోసారికి పిడికిలి కనిపించకముందే తొక్కడం అలవాటైంది. ఆరోసారికి ముందున్న చిన్న కారు వెనక భాగం చూసి మలుపులో ఆయనేం చేయబోతున్నారో చెప్పగలిగేదాన్ని. నా పక్కన ఎవరూ లేరు, రెండో బ్రేకు లేదు. ఇరవై రెండేళ్లు ఊరందరికీ బ్రేకు వేసిన మనిషికి ఆ ఏడు నెలలూ నేను బ్రేకు వేశాను. ఆయనకి మాత్రం ఆ సంగతి తట్టలేదు. షెడ్డు రాగానే దిగి, "చూశావా, ఎంత నెమ్మదిగా తీసుకొచ్చానో" అనేవారు.

నాలుగో నెలలో అనుకుంటాను, స్పెషలిస్టు ఎర్రకారు చూడటం అయ్యాక చిన్న కారు కిందికి కూడా తొంగిచూశాడు. ఒక్కటే చ్చొ.

"మాస్టారూ, దీని బ్రేకు గొట్టం తుప్పుపట్టింది. చిన్న పనే. ఇవాళే మార్చేస్తాను."

"వచ్చే నెల చూద్దాంలే. ముందు కప్పు పంపు రానీ" అన్నారాయన.

దారంతా సణుగుతూనే వచ్చాను. "పిల్లలు కూర్చునే బండి కదండీ" అంటే, "నేను పక్కనుండగా ఏమవుతుందే" అన్నారు. క్యాలెండర్లో 'చిన్న కారు బ్రేకు గొట్టం' అని పెద్దక్షరాలతో రాశాను. నెల మారింది, కాగితం తిరిగిపోయింది, నేనూ మళ్లీ గట్టిగా అడగలేదు. అందులో నా పాలు నాకుంది.

ఏడో నెలలో ఒక పొద్దున, రాత్రంతా కురిసిన వానకి ఎర్రకారు బ్యాటరీ చచ్చింది. ముందురోజునుంచి కప్పు తెరిచినట్టే బిగుసుకుపోయి ఉంది. మాస్టారు ఏడు గంటల క్లాసు ముగించుకుని వచ్చి తాడు కట్టారు. ఇంకా జల్లు పడుతూనే ఉంది. నెత్తిన ప్లాస్టిక్ సంచీ, ఒంటిమీద రెయిన్‌కోటు, కాళ్లకింద గుంటలో నీళ్లు. ఆ విలాసవంతమైన తోలు సీట్లో కూర్చుని బయల్దేరాను. బస్సులో జనం కిటికీల్లోంచి చూసి నవ్వారు. నేనే వాళ్ల స్థానంలో ఉంటే ఇంకా గట్టిగా నవ్వేదాన్ని.

షెడ్డుకి వెళ్లే దారిలో ఒక పొడుగాటి వంతెన ఉంది. అది దిగేచోట ఆసుపత్రి గేటు, గేటు ముందు సిగ్నలు, ఎప్పుడూ రోడ్డు దాటే జనం. వంతెన దిగుతుండగా చిన్న కారు వెనక ఎర్ర దీపాలు వెలిగాయి. వెలిగితే బండి నెమ్మదించాలి, నెమ్మదించలేదు. దీపాలు ఆరి మళ్లీ వెలిగాయి, ఆరి మళ్లీ వెలిగాయి. అంటే ఆయన తొక్కుతున్నారు, అది పట్టుకోవడం లేదు. అప్పుడు కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చింది. అరచెయ్యా పిడికిలా అంటే చెప్పలేను, ఇరవై రెండేళ్లుగా నేర్పిన సైగలన్నీ ఒకేసారి చేసింది. కింద గేటు దగ్గర చక్రాల కుర్చీలో ఒక ముసలాయన్ని తోసుకుంటూ ఇద్దరు రోడ్డుమీదికి దిగారు.

నాకు భయమేసిందా అని తర్వాత అందరూ అడిగారు. వేసింది. కానీ కాలు అప్పటికే బ్రేకు మీద ఉంది. రెండో కాలు కూడా వేసి నిలబడ్డాను. తాడు ఒక్కసారిగా లాగకుండా, కొంచెం కొంచెంగా. బ్రేకు రాయైంది. నడుము సీటుకి ఆనించి ఇంకా తొక్కాను, హ్యాండ్ బ్రేకు పళ్లు ఒక్కొక్కటే లెక్కపెడుతూ పైకి లాగాను. తాడు తీగలా బిగిసింది. రెండు బండ్లూ కలిసి జారుతూ, నెమ్మదిస్తూ, ఇంకాస్త జారి, ఆగాయి. చక్రాల కుర్చీ మా ముందునుంచి తాపీగా దాటిపోయింది. అందులో ముసలాయన కప్పులేని కారులో వానకి తడుస్తున్న నన్ను చూసి, పాపం అనుకున్నట్టు తల ఆడించాడు.

మాస్టారు చిన్న కారు చక్రాల కింద రాళ్లు పెట్టి నా దగ్గరికి నడిచొచ్చారు. మొహం తెల్లబోయి ఉంది.

"బ్రేకు పడలేదే" అన్నారు.

"తెలుసు."

"హ్యాండ్ బ్రేకూ పట్టుకోలేదు. వాళ్లూ వీళ్లూ లాగి లాగి..." ఆగి తాడు వంక చూశారు. "మరి ఎవరాపారు?"

నిజంగా అదే అడిగారు. వంతెనమీద, వానలో, రెండు కాళ్లూ బ్రేకు మీద పెట్టి నిలబడి ఉన్న భార్యని చూసి.

ఇంకో రోజైతే దీనికి నేను చెప్పే జవాబు వారం రోజులు నడిచేది. ఆ రోజు వెటకారం రాలేదు, ఒళ్లు మండిపోయింది.

"పొద్దున ఏడింటికి ఆ బండిలో ఎవరు కూర్చున్నారు?"

"నర్సింగు చదివే అమ్మాయి."

"ఆ పిల్లకి ఏమన్నా అయ్యుంటే బోర్డుమీద ఏం రాసేవారు మాస్టారూ?"

ఆయన కారు తలుపు పట్టుకుని అలా నిలబడిపోయారు. దిగిపోయిన అద్దం సందులోకి వాననీళ్లు కారుతున్నాయి. కాసేపటికి ఆయన కళ్లు కూడా అదే పని మొదలుపెట్టాయి. నేను మాత్రం బ్రేకు మీదనుంచి కాళ్లు తియ్యలేదు.

ఆ రోజు రెండు బండ్లూ లారీమీదే షెడ్డుకి వెళ్లాయి, కిరాయి బేరం కూడా ఆడలేదు. స్పెషలిస్టు ఎర్రకారు వైపు రాబోతే మాస్టారు ఆపారు. "ముందు చిన్నది చూడు" అన్నారు. గొట్టం మార్చడానికి గంట పట్టింది. ఎర్రకారు కప్పుకి ఒకసారి పోసిన నూనె ఖరీదు కూడా కాలేదు.

నెలలోపు అదే దళారి వచ్చి ఎర్రకారుని ఇంకొకాయనకి చూపించాడు. "ఒక్క మాస్టారి చేతిమీదే ఉందండీ, అదీ ఆదివారాలే నడిపారు." ఈసారి అక్షరాలా నిజం, మిగతా ఆరు రోజులూ షెడ్డులోనే ఉండేది. నేనూరుకోలేదు. రిపేర్లన్నీ వరసగా రాసిన నాలుగు కాగితాలు కొనేవాడి చేతిలో పెట్టాను. ఆయన వాటిని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మొహానికి గాలి తగలాలండీ, ఎప్పటినుంచో కోరిక" అన్నాడు. మా అత్తగారు గుమ్మంలోంచి, "తగులుతుంది నాయనా, బాగా తగులుతుంది" అని దీవించారు.

వచ్చిన డబ్బుతో రెండో కారు కాదు కదా, దాని ముందు సగం కూడా రాదు. మళ్లీ మొదటినుంచి కూడబెట్టాలి. ఆరేళ్ల కష్టం అలా పోయినందుకు నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది, అది దాచుకోను, ఆయన్ని మర్చిపోనివ్వను. ఆ లోపు ఒక్క కారుతోనే పని. పొద్దున ఆయనకి, మధ్యాహ్నం నాకు. ఈ ఏర్పాటు నేనడగలేదు, ఆయనే చేశారు. నాలుగో లెర్నర్ లైసెన్సూ తీరిపోయి, అయిదోదాని మీద నా పరీక్ష తేదీ వచ్చిన రోజు ఆయన క్యాలెండరు ముందు చాలాసేపు నిలబడ్డారు. వెనక్కి వెనక్కి కాగితాలు తిప్పి చుక్కలు చూశారు.

"ఇవన్నీ ఏమిటే?"

"మళ్లీ చేస్తామన్నవాళ్లు."

ఆ సాయంత్రం ఫోను మోగితే నాకంటే ముందు ఆయనే తీశారు. "ఉంటారండీ. ఇంకా రెండు పరీక్షలున్నాయి, అవగానే ఉంటారు. మీ నంబరివ్వండి, మేమే చేస్తాం" అని చెప్పి నంబరు రాసుకున్నారు.

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం చిన్న కారు బయటికి తీశాను. మాస్టారు పక్క సీట్లోకి ఎక్కారు. తలుపు వేసుకుని, చెప్పులు విప్పి పక్కన పెట్టి, రెండు కాళ్లూ పైకి తీసుకుని సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నారు. ఆ చిన్న సీట్లో మోకాళ్లు అటు గేరు రాడ్డుకీ ఇటు తలుపుకీ తగులుతున్నాయి.

"అదేం కూర్చోవడమండీ? కాళ్లు కింద పెట్టండి, ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"పెట్టనే. పెడితే తొక్కుతాను."

బండి కదిలించాను. వీధి చివర మలుపు తిరిగాను. బజారు దాటాను. ఆసుపత్రి వంతెన ఎక్కి దిగుతుండగా కింద ఎర్ర సిగ్నలు పడింది. పక్కన ఆయన రెండు చేతులతో తన కుడి పాదాన్ని గట్టిగా పట్టుకున్నారు. నేను బ్రేకు తొక్కాను, బండి ఆగింది.